అద్దె విద్యార్థులు: చినబాబు కుర్చీ ఎక్కిన రోజు

పోయినవారం కథను మెస్ వెనక గుమ్మం దగ్గర వదిలేశాం. చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. కాలేజీ గేటుకు ఎదురుగా మెస్ నడిపే మనిషిని ఊరంతా అక్క అంటుంది. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కే అంటారు. ఆవిడ వంటింటి వెనక గుమ్మంలో, ఉల్లిపొట్టు బుట్ట పక్కన, కాలేజీ సెక్రటరీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందు గుమ్మంలోంచి రావడానికి మొహం చెల్లలేదు మరి. రెండేళ్ళ కిందట ఇదే అక్క తన అన్న కోసం ఆయన ఆఫీసు బయట పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా నిలబడితే, లోపలికి రమ్మని ఒక్క మాట కబురు పెట్టని పెద్దమనిషి ఆయన. ఇప్పుడు తనే కాళ్ళబేరానికి వచ్చాడు. ఎందుకంటే కాలేజీకి తనిఖీ వస్తోంది.

తనిఖీ అంటే ఆ ఊరికి ఎందుకంత దడో తెలియాలంటే ముందు ఆ ఊరి సంగతి తెలియాలి. మీ ఊరి జనాభా ఎంత అని అక్కడ ఎవరినైనా అడిగి చూడండి, ఏ నెలలో అని ఎదురు అడుగుతారు. కాలేజీ తెరిస్తే ఊరు రెండింతలవుతుంది. సెలవులిస్తే వీధులు బోసిపోయి, కుక్కలు కూడా నడిరోడ్డు మీద నిశ్చింతగా నిద్రపోతాయి. ఫ్యాక్టరీ లేదు, పెద్ద సంత లేదు. మేడ మీద ఒక గది వేసి అద్దెకిచ్చుకోవడం, జిరాక్స్ తీయడం, బట్టలు ఇస్త్రీ చేయడం, జుట్టు కత్తిరించడం, సైకిళ్ళు బాగుచేయడం, ఇవే ఊరి పరిశ్రమలు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు పాలూ కూరగాయలూ మోసుకొచ్చేది కూడా ఆ పిల్లల నోళ్ళ కోసమే. అలాంటిది హైవే మీద అద్దాల మేడలతో ఇంకో కాలేజీ లేచింది. పిల్లలు అటు పోయారు, వాళ్ళ వెనకే లెక్చరర్లూ పోయారు. ఇంతమంది విద్యార్థులు, ఇంతమంది లెక్చరర్లు లేకపోతే కాలేజీకి గుర్తింపు తీసేస్తామని పై నుంచి తాఖీదు వచ్చింది. గుర్తింపు పోతే కాలేజీకి తాళం, కాలేజీకి తాళం పడితే ఊరికి తాళం.

అప్పుడు పుట్టింది బెంచీలు నింపే పద్ధతి. పనిపాటలు చేసుకునేవాళ్ళకు డిప్లొమా అని సెక్రటరీ కొత్త కోర్సు తెరిచి, ఊళ్ళో చదవను రాయను వచ్చిన ప్రతివాళ్ళనీ అందులో చేర్చేశాడు. తనిఖీ రోజున షట్టర్లన్నీ దిగేవి. ఇస్త్రీ ఆయన తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకుని వ్యాపార నిర్వహణ నేర్చుకోవడానికి బయల్దేరేవాడు. జిరాక్స్ మామ లైబ్రరీలో కూర్చుని పుస్తకం తిరగేసి పట్టుకునేవాడు. అక్క హోటల్ నిర్వహణలో మొదటి సంవత్సరం. ఇరవై ఏళ్ళ బట్టి మెస్ నడుపుతున్న మనిషి ఎన్ని తనిఖీలు వచ్చినా మొదటి సంవత్సరం గట్టెక్కలేదని ఊళ్ళో ఒకటే నవ్వు. ఇది తప్పని ఎవరూ అనుకోలేదు. ఎవరి పొట్టా కొట్టడం లేదు, మన పొట్ట మనం కాపాడుకుంటున్నాం అనుకున్నారు.

అలా నవ్వుకుంటూ నవ్వుకుంటూనే రెండేళ్ళ కిందట అక్క వాళ్ళ అన్న కొంప మునిగింది. ఆయన టైలర్. కాలేజీ యూనిఫాంలన్నీ ఆయన మిషన్ మీదే పుట్టేవి. అర్థశాస్త్రం లెక్చరర్ చెప్పాపెట్టకుండా హైవే కాలేజీకి పోయేసరికి సెక్రటరీ స్వయంగా టైలర్ కొట్టుకు వచ్చి, ఒక్క పూట కుర్చీలో కూర్చోమని బతిమాలాడు. మొహమాటస్తుడు, కాదనలేకపోయాడు. క్లాసులో అంతా సవ్యంగానే నడిచింది. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి వెళ్ళబోతూ చేయి కలపడానికి చేయి చాపాడు. టైలర్ కళ్ళు ఆయన కోటు చేతి మీద పడ్డాయి. నలభై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? చేయి పొడుగుందండీ, విప్పి ఇవ్వండి, సాయంత్రానికి సరిచేసి పంపిస్తానన్నాడు. అంతే. ఆ పెద్దమనిషి కనుబొమలు లేచాయి. ఈయనెవరని సెక్రటరీని అడిగాడు.

"నేనెప్పుడూ చూడలేదండీ. మా కాలేజీ మనిషి కాదు," అన్నాడు సెక్రటరీ.

ఆ మాటతో ఆగినా బాగుండేది. తన నిజాయితీ చూపించుకోవడానికి పోలీసులను కూడా పిలిపించాడు. దొంగ లెక్చరర్ అని కేసు పెట్టారు. టైలర్ కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చేసరికి కొట్టు పోయింది, యూనిఫాంల పని పోయింది. అవి పోతే పోయాయి, మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆయనలోని మనిషే పోయాడు. అన్నిటికంటే అక్క కడుపు మండించే సంగతి ఏమిటంటే, ఆయన తప్పంతా తనదే అనుకుంటాడు. నేను కోటు సంగతి ఎత్తకుండా ఉంటే సరిపోయేది, పాపం సెక్రటరీగారు ఏం చేస్తారు అంటాడు. ఈ మాట వింటే చాలు, అక్కకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నేనే కూర్చోబెట్టాను అని ఆ సెక్రటరీ నలుగురిలో ఒప్పుకోవాలి, ఆ మాట అన్న చెవిన పడాలి. రెండేళ్ళుగా ఆవిడ తిన్నా పడుకున్నా ఇదే ధ్యాస.

టైలర్ గతి చూశాక ఊరు భయపడింది. ఈసారి బెంచీల్లో కూర్చోవడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. అక్క సరే అంటే మాకూ సరే అని తేల్చేశారు. అందుకే సెక్రటరీ ఉల్లిపొట్టు బుట్ట పక్కన నిలబడాల్సి వచ్చింది. ఇక ఇవాళ్టి కథ.

అక్క ఆయనను చూసింది గాని చేతిలో పని ఆపలేదు. బీన్స్ ఈనెలు తీస్తోంది. పక్కన స్టూలు ఉంది. కూర్చోమనలేదు. కూర్చోమనకుండా ఎంతసేపు నిలబెట్టగలదో అంతసేపు నిలబెట్టింది. ఆ నిలబెట్టడంలో ఆవిడకు కలిగిన సుఖం ఇంతా అంతా కాదు. సెక్రటరీ ఊరి బాగోగులతో మొదలుపెట్టాడు. గదులన్నీ ఖాళీ అయిపోతాయన్నాడు, పిల్లలు రాకపోతే నీ మెస్ మాత్రం ఏం నడుస్తుందన్నాడు, పాతవి మనసులో పెట్టుకుంటే అందరం మునుగుతాం అన్నాడు. ఆవిడ బీన్స్ అన్నీ అయ్యాక చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడు తలెత్తింది.

"ఊరి మాట తర్వాత మాట్లాడుకుందాం. మా అన్న ఇంటికి రండి. అరుగు మీద నిలబడి, వీధిలో పదిమంది వింటుండగా, ఆ రోజు నేనే కూర్చోబెట్టాను అనండి. మరుక్షణం మీ బెంచీలు నింపుతాను."

సెక్రటరీ నెమ్మదిగా, లోకం తెలియని పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. వీధిలో ఆ మాట అంటే తెల్లారేసరికి తన మీదే కేసు అవుతుందట. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు వేరే కేసట. కావాలంటే నీ అన్నకు కాలేజీలో అటెండర్ ఉద్యోగం ఇస్తానన్నాడు. నలభై ఏళ్ళు తన కొట్టులో తాను రాజుగా బతికిన మనిషికి గంట కొట్టే ఉద్యోగం. అక్కకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి సెక్రటరీ కూడా కొంచెం నవ్వాడు, బేరం కుదిరిందనుకున్నాడు కాబోలు.

"పోనీ, ఇంకో మాట. అర్థశాస్త్రం కుర్చీ ఇప్పటికీ ఖాళీయే కదా. ఈసారి అందులో మీ చినబాబును కూర్చోబెట్టండి," అంది అక్క.

చినబాబు సెక్రటరీ ఒక్కగానొక్క కొడుకు. టైలర్ గొడవ జరిగినప్పుడు దూరాన ఎక్కడో చదువుకుంటున్నాడు. చదువు అబ్బక పోయినేడే తిరిగివస్తే, తండ్రి మోటార్ సైకిళ్ళ షోరూమ్ పెట్టించాడు. అందులో కూర్చోవడమే ఆయనగారి పని. సెక్రటరీ ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. ఇందులో మెలిక ఏమిటా అని వెతికాడు. మెలిక దాచలేదు అక్క. మీ రక్తం ఆ కుర్చీలో ఉంటే మాకు ధైర్యంగా ఉంటుంది, ఏదైనా తేడా వస్తే మీరు వదిలేసిపోరు కదా అంది. ఊరివాళ్ళకు నేను ఈ మాటే చెప్పి తీసుకొస్తాను, లేకపోతే నా వల్ల కాదు అంది.

"అంతేనా? కూర్చుంటాడు. మా వాడు నీ అన్నలా నోరు జారే రకం కాదులే," అన్నాడు సెక్రటరీ. అని, స్టూలు వైపు ఒకసారి చూసి, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ చివరి మాట ఒక్కటి అనకుండా ఉండాల్సింది. అప్పటిదాకా అక్క మనసులో ఓ మూల కొంచెం జంకు ఉండేది. నీ అన్నలా నోరు జారే రకం కాదట. ఆ మాటతో ఆ కాస్త జంకూ కాలి బూడిదైపోయింది. పళ్ళు నూరుకుంటూ పొయ్యి వెలిగించింది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, తిన్న పిల్లలు మొహాలు చూసుకున్నారే గాని ఎవరూ కిక్కురుమనలేదు.

సాయంత్రం అన్న ఇంటికి వెళ్ళింది. ఊరికే వెళ్ళలేదు, చెప్పి రావాలనే వెళ్ళింది. ముందు గదిలో ఇద్దరు ఆడపిల్లలు అద్దెకుంటారు, వాళ్ళ చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి. ఆ గది ఒకప్పుడు అన్నా వదినా పడుకునే గది. కొట్టు పోయాక వదిన అది ఖాళీ చేసి అద్దెకిచ్చి, మొగుడిని తీసుకుని వంటింటి పక్క వసారాలోకి మారింది. ఇల్లు గడిచేది దాని మీదే. అన్న వసారాలో మిషన్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు. మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. చెల్లెలిని చూసి నవ్వాడు, మెస్ బాగా నడుస్తోందా అని అడిగాడు. కాసేపటికి ఆయనే మళ్ళీ, తనిఖీ వస్తోందటగా, కూర్చునేవాళ్ళకు కోట్ల జోలికి పోవద్దని చెప్పమ్మా అన్నాడు. అక్క గుడ్ల నీరు కుక్కుకుని వంటింట్లోకి నడిచింది.

వదినకు దాచకుండా అంతా చెప్పింది. తనిఖీ రోజు ఆఖరి బెంచీలోంచి ఒక్క ప్రశ్న అడుగుతానంది. చినబాబు దొరికిపోతాడు. ఈయనెవరని సెక్రటరీని అడుగుతారు. తెలియదంటే కన్నకొడుకు కళ్ళెదుట వాడి బతుకు బయటపడుతుంది. తెలుసంటే కాలేజీ పోతుంది. ఎటు తిరిగినా ఆ సెక్రటరీకి గొయ్యే. ఇది చెబుతున్నప్పుడు ఆవిడ మొహం ఎలా వెలిగిపోయిందో ఆవిడకు తెలియదు, వదిన చూసింది.

వదిన గిన్నె తోముతూ తోముతూ ఆపేసింది. తన మొగుడికి జరిగిన అన్యాయం తనకు తెలియదా అని అడిగింది. ఆ పగ తనకు మాత్రం లేదా అంది. తర్వాత గొంతు తగ్గించింది.

"నీ కసి తీరుతుంది, బాగానే ఉంది. ఆ మర్నాడు ఆ ముందుగది ఆడపిల్లలు పెట్టె సర్దుకుని పోతారు. మీ అన్నకు నేనేం పెట్టాలి?"

నా మెస్‌లోంచి తెచ్చి పెడతాననబోయింది అక్క. పిల్లలే లేకపోతే మెస్ ఎక్కడిది? ఆ మాట వదిన అననక్కర్లేకుండా ఇద్దరికీ తెలుసు. అయినా అక్క మెట్టు దిగలేదు. ఆ సెక్రటరీ దర్జాగా తిరుగుతుంటే నేను ముద్ద మింగలేకపోతున్నాను వదినా అంది. వదిన మళ్ళీ గిన్నె అందుకుని, అడుగు మాడని గిన్నెను మాడిన గిన్నెలా రుద్దడం మొదలుపెట్టింది. నువ్వు అడగవు, నాకు తెలుసు, నువ్వు అంత రాతిగుండెదానివి కాదు అంది. అడుగుతానంది అక్క. మాట అక్కడితో తెగింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. షట్టర్లు దిగాయి. ఊరు ఊరంతా తలలు దువ్వుకుని, నోటుపుస్తకాలు చంకన పెట్టుకుని గేటులోకి నడిచింది. అర్థశాస్త్రం గది మేడ మీద, మెట్ల పక్కనే. రిటైరైన హెడ్ క్లర్క్ పొద్దున్నే వచ్చి బోర్డు మీద అందమైన చేతిరాతతో పాఠం పేరు రాసిపెట్టాడు: చిన్న పట్టణాల జనాభా, ఆర్థిక వ్యవస్థ. కింద ఏవో గీతలు గీసి బాణాలు కూడా పెట్టాడు. ముందు బెంచీల్లో మిగిలివున్న అసలు పిల్లలు, వాళ్ళ వెనక ఇస్త్రీ ఆయన, క్షౌరం దుకాణం ఆయన, సైకిల్ షాపు తండ్రీకొడుకులు. ఈసారి లైబ్రరీలో ఎవరినీ కూర్చోబెట్టలేదు కాబట్టి జిరాక్స్ మామ కూడా ఇక్కడే. కిటికీ పక్క బెంచీలో వదిన. అందరికంటే వెనక, గోడకు ఆనుకుని, అక్క.

చినబాబు వచ్చాడు. కొత్త చొక్కా, మెడకు టై, నుదుట చెమట. వాడు చెడ్డవాడేం కాదు, అది కూడా చెప్పాలి. చిన్నప్పుడు ఇంట్లో తిండి నచ్చక మెస్ వెనక గుమ్మంలోంచి దూరి, అక్కా ఆకలి అనేవాడు. ఆవిడ పీట వేసి పెట్టేది. ఇప్పుడూ గదిలోకి రాగానే వాడి కళ్ళు ఆవిడ కోసమే వెతికి, ఆవిడను చూడగానే కాస్త కుదుటపడ్డాయి. ఆ చూపు ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకుంటే గుచ్చుకుంది, నా అన్నను చూసి ఎవరి మనసైనా కరిగిందా అనుకుని తల తిప్పుకుంది.

ఈసారి తనిఖీకి వచ్చింది ఒక మేడం. సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి. హడావుడి లేదు, గద్దింపు లేదు. అలాంటివాళ్ళతోనే భయం. వెంట సెక్రటరీ. మేడం ముందు బెంచీ చివర కూర్చుని, కానివ్వండి అన్నట్టు చేయి ఊపింది. చినబాబు పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. పట్టణ జనాభాలో స్థిరంగా ఉండేవారు, వచ్చి పోయేవారు అని రెండు రకాలు. వచ్చి పోయేవారి మీద ఆధారపడి స్థిరంగా ఉండేవారు బతుకుతారు. వాడికి అర్థమైందో లేదో గాని బెంచీల్లో ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది, ఇస్త్రీ ఆయన అయితే నిజంగానే రాసుకున్నాడు. గొంతు కాస్త వణికినా వాడు పేజీ దాటించాడు. మేడం తృప్తిగా తలాడించి లేచింది. గది మొత్తం ఊపిరి పీల్చుకుంది.

వదిన కిటికీ దగ్గరనుంచి వెనక్కి తిరిగి చూసింది. వద్దు అని ఆ కళ్ళు ఎంత స్పష్టంగా చెప్పాయో. మేడం గుమ్మం దాటితే చాలు, ఊరు ఇంకో ఏడాది బతుకుతుంది, ముందుగది ఆడపిల్లలు ఉంటారు, మెస్ పొయ్యి వెలుగుతుంది. అక్కకు ఇదంతా తెలుసు. అయితే గుమ్మం పక్కన సెక్రటరీ నిలబడి ఉన్నాడు, పెదవుల మీద సన్నని నవ్వుతో. మా వాడు నోరు జారే రకం కాదు అన్నప్పటి నవ్వు అది. అక్క చేయి దానంతట అదే లేచింది, వెనకే తనూ లేచింది.

"సార్, నిన్న పాఠం ఎక్కడ ఆపారు?"

చినబాబు పుస్తకంలో వెతికాడు. రెండు పేజీలు ముందుకు, నాలుగు పేజీలు వెనక్కి. దిక్కు తోచక, ఏ కష్టం వచ్చినా చిన్నప్పటినుంచీ చేసిన పనే చేశాడు. నేరుగా ఆవిడనే ఆసరా అడిగాడు.

"నిన్న నేను రాలేదు కదక్కా," అన్నాడు.

గుమ్మం దాటబోయిన మేడం వెనక్కి తిరిగింది. ఏ కాలేజీలో చదివారని చినబాబును అడిగింది. వాడు తండ్రి వైపు చూశాడు. ఎన్నాళ్ళుగా పాఠం చెబుతున్నారని అడిగింది. మళ్ళీ తండ్రి వైపే చూశాడు. ఇక వాడిని అడగడం దండగని మేడం సెక్రటరీ వైపు తిరిగి, ఈయనెవరండీ అంది.

అక్క నిలబడే ఉంది. చెప్పు, చెప్పరా, తెలియదని చెప్పు, నీ కొడుకు వింటుండగా చెప్పు అని లోపల అరుస్తోంది. రెండేళ్ళుగా ఆవిడ కోరుకున్న క్షణం ఇదే.

సెక్రటరీ ఒక్క క్షణమైనా తడుముకోలేదు.

"మా అబ్బాయండీ. నేనే కూర్చోబెట్టాను. లెక్చరర్ గారికి ఒంట్లో బాగాలేదు, పిల్లలకు పాఠం పోకూడదని ఈ ఒక్క పూటకు నేనే రమ్మన్నాను. తప్పు నాదే."

మేడం కాసేపు ఆయనను చూసింది, తర్వాత చినబాబు చెమట మొహం చూసింది. ఆ మాట ముందే చెబితే పోయేది కదా, ఇంతోటిదానికి దాపరికం ఎందుకు అంది. అసలు లెక్చరర్‌ను రేపు నా ముందుకు పంపండి చాలు అంది. అంతే. పోలీసులూ లేరు, కేసూ లేదు. రేపటికి ఎక్కడినుంచో ఒక లెక్చరర్‌ను పట్టుకొస్తాడు, ఊరు గండం గట్టెక్కుతుంది.

అక్క ఆ మాటలే మళ్ళీ మనసులో అనుకుంది. ఇంతేనా? ఇంత తేలికా? ఒంట్లో బాగాలేదు, ఒక్క పూటకు నేనే రమ్మన్నాను. రెండేళ్ళ కిందట ఈ నాలుగు మాటలు వాడి నోట్లోనే ఉన్నాయి. అని ఉంటే ఏమీ పోయేది కాదు. అన్న సాయంత్రానికి ఇంటికి వచ్చి మిషన్ తొక్కుకునేవాడు. చెప్పడం చేతకాక కాదు, అవతల ఉన్నది ఒక దర్జీవాడు కాబట్టి చెప్పలేదు. ఇప్పటిదాకా ఆవిడకు సెక్రటరీ మీద ఉన్నది కోపమే. ఇప్పుడు పుట్టినదానికి ఇంకో పేరు ఉండాలి.

మేడం ఆవిడ ఇంకా నిలబడి ఉండడం చూసింది. సరే, మీరు చెప్పండమ్మా, మీరు నిన్న క్లాసుకు వచ్చారుగా, ఎక్కడ ఆగింది అని మామూలుగానే అడిగింది. గదిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. మేడం వెనకనుంచి సెక్రటరీ చేతులు జోడించాడు. జీవితంలో మొదటిసారి ఆవిడకు దండం పెట్టాడు. ఆ దండం చూశాక అక్క ఇక ఆగలేదు.

"నిన్న ఇక్కడ క్లాసే జరగలేదు మేడం. రెండేళ్ళ కిందట ఇదే గదిలో ఏం జరిగిందో నేను చెబుతాను. మీరు ఒక్క పది నిమిషాలు కూర్చోండి."

అప్పుడు కిటికీ పక్కన బెంచీ కిర్రుమంది. లేచింది వదిన. మొహం పాలిపోయి ఉంది గాని గొంతు మాత్రం తొణకలేదు. ఆవిడ మాటలు పట్టించుకోకండి మేడం అంది. ఆవిడ ఈ కాలేజీలో చదవడం లేదు, గేటు బయట మెస్ నడుపుతుంది, మనసు బాగాలేక ఏదో ఒకటి అంటూ ఉంటుంది, మేమే జాలిపడి కూర్చోనిస్తాం అంది. చెబుతున్నంతసేపూ ఆడపడుచు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నిజమేనా అని మేడం బెంచీలను అడిగింది. ముందుగా ఇస్త్రీ ఆయన తలూపాడు. తర్వాత జిరాక్స్ మామ, తర్వాత సైకిల్ షాపు తండ్రి, తండ్రిని చూసి కొడుకు. ఎన్నో పూటలు ఆవిడ చేతి ముద్ద తిన్న తలలు ఒకదాని వెనక ఒకటి ఊగాయి. సెక్రటరీ జోడించిన చేతులు విప్పి జేబులోంచి ఫోన్ తీశాడు. క్లాసులో గొడవ చేస్తోంది, పోలీసులకు చెబుదామా మేడం అని మర్యాదగా అడిగాడు.

చినబాబు ఒక్కడే తలూపలేదు. కుర్చీ మీద చేయి వేసి, ఇస్త్రీ ఆయనను చూశాడు, వదినను చూశాడు, అక్కను చూశాడు. టైలర్ కొట్టు ఎందుకు మూతపడిందని ఊళ్ళోకి వచ్చినప్పటినుంచీ ఎవరిని అడిగినా మాట దాటేస్తూ వచ్చిన సంగతి కొస వాడికి ఇప్పుడు దొరికినట్టుంది. మెడలో టై వదులు చేసుకుంటూ మెట్టు దిగి తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, టైలర్ మామను కూడా నువ్వే కూర్చోబెట్టావా?"

సెక్రటరీ వేలు ఫోన్ మీద ఆగింది. మేడం మళ్ళీ ముందు బెంచీలోకి వెళ్ళి కూర్చుంది.